ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ మీద మా లోగో వాటర్‌మార్క్ వెయ్యాలి, ఫొటోలున్న పేజీల్లో కనిపించట్లేదు

స్నాగ్‌లిస్ట్_హైదరాబాద్:
అందరికీ నమస్తే. నేనూ నా ఫ్రెండూ కలిసి కొత్త ఫ్లాట్ల హ్యాండోవర్‌కి ముందు ఇన్‌స్పెక్షన్ చేస్తాం, ఎక్కువగా తెల్లాపూర్, కొల్లూరు, నార్సింగి వైపు. టైల్స్ తట్టి డొల్ల శబ్దం వస్తోందా చూడటం, బాత్‌రూమ్ వెనక గోడకి చెమ్మ మీటర్ పెట్టడం, ప్రతి ప్లగ్ పాయింట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో చూడటం, బాల్కనీలో నీళ్లు పోసి వాలు ఎటుందో చూడటం, ఇదంతా చేసి ఫొటోలతో రిపోర్ట్ ఇస్తాం. త్రీ బీహెచ్‌కే అయితే 120 ఫొటోల దాకా వస్తాయి, రిపోర్ట్ 50 పేజీలు దాటుతుంది. అంతా ఎంఎస్ వర్డ్‌లోనే చేసి పీడీఎఫ్ తీసి పంపుతాం.

పోయిన నెల పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి, "ఇది మీ రిపోర్టే కదా అన్నా, పేరు మాత్రం వేరేవాళ్లది ఉంది" అని ఒక పీడీఎఫ్ పంపాడు. మా రిపోర్టే. మొదటి పేజీ మార్చేసి, ఎవరో తమ కంపెనీ పేరు పెట్టుకుని, శాంపిల్ రిపోర్ట్ అని కస్టమర్లకి పంపుతున్నారు. ఫొటోలు మావి, రాసిన వాక్యాలు మావి. ఒక ఫొటోలో మేం టైల్స్ తట్టే రాడ్ కూడా ఉంది, దాని పిడికి నేను చుట్టిన ఎర్ర టేపుతో సహా. ఆ రోజు ఆ ఫ్లాట్‌లో ఇద్దరం పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో టైలూ తట్టాం. చాలా బాధేసింది.

అందుకే ప్రతి పేజీ మీద మా లోగో వాటర్‌మార్క్‌గా, అంటే పేజీ వెనకాల పలచగా కనిపించేలా, వెయ్యాలనుకుంటున్నాం. వర్డ్‌లో ట్రై చేస్తే రాత ఉన్న పేజీల్లో వస్తోంది గానీ ఫొటోలున్న చోట కింద దాక్కుంటోంది, టేబుల్స్ ఉన్న చోటా అంతే. మొదటి పేజీకీ, ఫ్లోర్ ప్లాన్ కోసం అడ్డంగా పెట్టిన పేజీలకీ అసలు రావట్లేదు. పైగా ఫైల్ 38 ఎంబీ అయింది. నా పార్ట్‌నర్ ఏమో ప్రతి ఫొటో మీద పెద్ద లోగో ఐమూలగా కొట్టేద్దాం అంటున్నాడు, అలా చేస్తే ఎవడూ వాడుకోలేడని. నాకు మనసొప్పట్లేదు కానీ వేరే దారి తెలియట్లేదు. 24 గంటల్లో రిపోర్ట్ ఇస్తామని మాటిస్తాం కాబట్టి ఎక్కువ టైమ్ తినే పద్ధతి కుదరదు. తెలిసినవాళ్లు చెప్పండి.

డీటీపీ_విజయవాడ:
20 ఏళ్లుగా డీటీపీ పనిలో ఉన్నా తమ్ముడూ, ఈ ప్రశ్న నెలకొకసారి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వర్డ్‌లో వాటర్‌మార్క్ అనేది వేరే వస్తువేం కాదు, హెడర్‌లో (పేజీ పైన ఉండే పట్టీలో) కూర్చుని పేజీ మధ్యకి వచ్చిన బొమ్మ, అంతే. రాతకి వెనకాల ఉంటుంది, కాబట్టి నువ్వు పేజీలో పెట్టిన ఫొటో దాన్ని కప్పేస్తుంది. అది తప్పు కాదు, దాని పద్ధతే అది.

మొదటి పేజీకి రాకపోవడానికి కారణం హెడర్‌లో డిఫరెంట్ ఫస్ట్ పేజ్ అని టిక్ ఉండటం, అప్పుడు మొదటి పేజీకి దాని హెడర్ దానికే ఉంటుంది. అడ్డం పేజీల సంగతీ అదే. పేజీని అడ్డంగా తిప్పాలంటే సెక్షన్ బ్రేక్ పెడతావు, కొత్త సెక్షన్ హెడర్‌కి లింక్ టు ప్రీవియస్ తీసేసి ఉంటే పాత సెక్షన్‌లోది దానికి రాదు. హెడర్ మీద డబుల్ క్లిక్ చేసి లోపలికి వెళ్లి ఒక్కో సెక్షన్ చూసుకో. అడ్డం పేజీకి మాత్రం లింక్ పెట్టకుండా బొమ్మ విడిగా పెట్టుకోవడం మేలు, లేకపోతే మధ్యలో కుదరక పక్కకి జరిగి కనిపిస్తుంది. టేబుల్స్ సంగతి ఏమిటంటే, గడులకి తెల్ల రంగు నింపి ఉంటారు చాలామంది. తెల్లగా కనపడటం వేరు, రంగు లేకపోవడం వేరు. షేడింగ్‌లో నో కలర్ పెట్టు, వెనకాల ఉన్న లోగో కనిపిస్తుంది.

లోగో కస్టమ్ వాటర్‌మార్క్‌లో పిక్చర్‌గా ఎక్కించి బొమ్మని పలచగా చేసే వాషౌట్ టిక్ ఉంచు. ఇక 38 ఎంబీ అంటావా, అది లోగో వల్ల కాదు, ఫోన్ ఫొటోలు ఉన్నవి ఉన్నట్టు పెట్టడం వల్ల. ఏదో ఒక ఫొటో మీద క్లిక్ చేసి కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి, ఈ ఒక్క ఫొటోకే అన్న టిక్ తీసేసి, 150 పీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అన్న లెక్క) పెట్టు. 96కి మాత్రం దిగొద్దు, మీ పనిలో సన్న గీతలు చూపించాలి కదా.

వర్డ్‌తో ఇంత తంటా ఎందుకు అనుకుంటే పీడీఎఫ్ తీశాకే వేసుకో. అక్రోబాట్ కొన్న వెర్షన్ ఉంటే ఎడిట్ పీడీఎఫ్‌లో వాటర్‌మార్క్ ఉంటుంది, ఎంత పలచగా ఉండాలో, పేజీకి పైనా వెనకా అన్నదీ నువ్వే పెట్టుకోవచ్చు, ఏ పేజీలకి వద్దో కూడా చెప్పొచ్చు. డబ్బులు పెట్టొద్దనుకుంటే పీడీఎఫ్‌టీకే అని ఉచిత టూల్ ఉంది. లోగో ఒక్కటే ఉన్న ఒక పేజీ పీడీఎఫ్ చేసి పెట్టుకుంటే, బ్యాక్‌గ్రౌండ్ అన్న కమాండ్‌తో ప్రతి పేజీకీ వెనకాల వేస్తుంది, స్టాంప్ అంటే పైన వేస్తుంది. స్టాంప్ వాడితే ఆ లోగో పీడీఎఫ్‌లో వెనక రంగు లేకుండా చూసుకో, జేపీజీ లోగో పెట్టావంటే దాని చుట్టూ ఉన్న తెల్ల డబ్బా కింద ఉన్న రాతనంతా మింగేస్తుంది. వెనకభాగం లేని పీఎన్‌జీ గానీ, లోగో డిజైన్ చేసినాయన దగ్గర అసలు వెక్టర్ ఫైల్ (ఎంత పెద్దది చేసినా చెదరనిది) గానీ అడిగి తెచ్చుకో.

కొల్లూరు_ఫ్లాట్:
నేను ఇన్‌స్పెక్షన్ చేయించుకున్నవాణ్ణి, ఆ వైపు నుంచి ఒక మాట చెప్తా. దయచేసి ఫొటోల మీద లోగో వెయ్యకండి.

మాకు చేసిన కంపెనీ పేరు చెప్పను, పని బాగానే చేశారు, కానీ ప్రతి ఫొటో మీదా బూడిద రంగులో పెద్ద లోగో ఐమూలగా ఉండేది. నేను ఆఫీసులో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీసుకుని సైట్ ఇంజినీర్ దగ్గరికి వెళ్లా. మాస్టర్ బెడ్‌రూమ్ కిటికీ మూల నుంచి పైకి ఐమూలగా సన్నగా ఒక నెర్రె ఉంది. ఆ ఫొటోలో సరిగ్గా అక్కడే లోగోలోని ఒక అక్షరం గీత వెళ్లింది, అది కూడా అదే వాలులో. ఆయన కాగితం పైకెత్తి చూసి, "క్రాక్ ఎక్కడుందండీ, ఇది వాళ్ల లోగో గీత కదా" అన్నాడు. ఆయన తప్పేం లేదు, నాకే తెలియట్లేదు ఏది ఏదో. చివరికి ఆయన్ని లిఫ్టులో 14వ ఫ్లోర్‌కి తీసుకెళ్లి, ఫోన్ టార్చ్ గోడకి ఆనించి పక్క నుంచి కొడితే అప్పుడు నెర్రెకి నీడ పడి కనిపించింది. అప్పుడు రాసుకున్నాడు.

థర్మల్ కెమెరా ఫొటోలు ఇంకా ఘోరం. బాత్‌రూమ్ బయటి గోడలో నీలంగా కనపడాల్సిన చెమ్మ మచ్చ మీద బూడిద రంగు పడి వెలిసిపోయింది, పక్కన టెంపరేచర్ స్కేల్ అంకెలు లోగో కింద పోయాయి. మేం డబ్బులిచ్చేది ఆ ఫొటోల కోసమే. జీవితంలో ఒక్కసారి కొనుక్కునే ఇల్లు, ఆ 50 పేజీలే బిల్డర్ ముందు మా చేతిలో ఉండేవి.

స్నాగ్‌లిస్ట్_హైదరాబాద్:
@కొల్లూరు_ఫ్లాట్ ఇది మా పార్ట్‌నర్‌కి చదివి వినిపించా. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే ఫొటోల మీద వద్దు" అన్నాడు. చాలా థ్యాంక్స్ అండీ. @డీటీపీ_విజయవాడ అన్నా, టేబుల్ గడుల్లో నిజంగానే తెల్ల రంగు నింపి ఉంది, తీసేస్తే లోగో కనిపిస్తోంది.

కానీ మళ్లీ అక్కడికే వచ్చాం. ఫొటోల మీద లేకపోతే, ఫొటోలు కాపీ కొట్టి వాడుకునేవాళ్లని ఆపేదెలా?

ఫ్రిస్కో_ఇన్‌స్పెక్టర్:
నేను టెక్సస్‌లో డాలస్ దగ్గర లైసెన్స్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని, మన తెలుగువాళ్ల ఇళ్లే ఎక్కువ చూస్తుంటా. ఇక్కడ రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ ఇచ్చిన ఫారమ్‌లోనే రిపోర్ట్ రాయాలి, ఆర్‌ఈఐ 7-6 అనే ఫారమ్‌ని 2022 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేశారు. ప్రతి అంశానికీ నాలుగు గడులు, చూశాం, చూడలేదు, అక్కడ లేదు, లోపం ఉంది అని. ఆ ఫారమ్‌ని మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవడానికి లేదు, కాబట్టి పేజీ నిండా లోగో వేసే ఆలోచన నేను ఎప్పుడూ పెట్టుకోలేదు. కవర్ పేజీ మీద లోగో, అంతే.

మీకు పనికొచ్చే సంగతి ఆ ఫారమ్‌లో ఒకటుంది. ఈ రిపోర్ట్ ఎవరి కోసం, ఏ ఇంటికి, ఎవరు చూశారు, లైసెన్స్ నంబర్, తేదీ మొదటి పేజీలోనే రాయాలి, రిపోర్ట్ గుర్తింపు లైన్ ఒకటి లోపలి పేజీల పైన కూడా వస్తుంది. మీరూ ప్రతి పేజీ అడుగున ఒక లైన్ పెట్టండి, రిపోర్ట్ నంబర్, కస్టమర్ పేరు, ఫ్లాట్, తేదీ, 53లో 17వ పేజీ అని. మొదటి పేజీ మార్చేసినా మిగతా 52 పేజీలూ ఎవరివో చెప్తూనే ఉంటాయి. మధ్యలో పేజీ తీసేసినా తెలిసిపోతుంది. కస్టమర్ల విషయంలో ఆ రెండోది చాలా ముఖ్యం, తమకి ఇబ్బంది కలిగించే పేజీ లాగేసి రిపోర్ట్ చూపించేవాళ్లు ఉంటారు. కాకపోతే మీరు శాంపిల్ రిపోర్ట్ బయటికి ఇచ్చేటప్పుడు కస్టమర్ పేరూ ఫ్లాట్ నంబరూ తీసేసి ఇవ్వండి, వాళ్ల ఇంటి లోపాలు ఊరంతా చదవకూడదు.

ఫొటోల సంగతికి వస్తే, లోగో ఫొటో మీద కాకుండా ఫొటో కింద వెయ్యండి. ఫొటో అడుగున సన్నటి తెల్ల పట్టీ ఒకటి కలిపి, అందులో లోగో, రిపోర్ట్ నంబర్, గది పేరు. పట్టీ కత్తిరించేసేవాడు కత్తిరించేస్తాడు, నిజమే, కానీ ఫొటో మధ్యలో వేసిన లోగోని చెరిపేసే యాప్స్ కూడా ఇప్పుడు ఫోన్‌లోనే ఉన్నాయి. పెద్ద లోగో వల్ల దొంగ ఆగడు, మీ కస్టమర్‌కి మాత్రం ఇబ్బంది.

సివిల్_సైట్:
పైన చెప్పినవన్నీ సరైనవే, నేను ఇంకో కోణం చెప్తా. ఈ రిపోర్ట్ రేపు రెరా (బిల్డర్ల మీద ఫిర్యాదులు చూసే రియల్ ఎస్టేట్ అథారిటీ) దాకా వెళ్లొచ్చన్న ఆలోచనతో తయారు చెయ్యండి. రెరా చట్టం 2016లో సెక్షన్ 14(3) ప్రకారం, పొజెషన్ ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు కట్టడంలో గానీ పనితనంలో గానీ లోపం బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లోగా డబ్బు తీసుకోకుండా సరిచెయ్యాలి, చెయ్యకపోతే నష్టపరిహారం అడగొచ్చు. కస్టమర్ తన ఫిర్యాదుకి జత చేసేది మీ రిపోర్టే. అక్కడ లోగో ఎంత పెద్దగా ఉందని ఎవరూ చూడరు, ఇది మీరిచ్చిన రిపోర్టేనా, తర్వాత ఎవరైనా మార్చారా అన్నదే చూస్తారు.

అందుకు డిజిటల్ సంతకం పెట్టండి. క్లాస్ 3 సర్టిఫికెట్, యూఎస్‌బీ టోకెన్‌లో వస్తుంది, టెండర్లు వేసేవాళ్లూ ఆడిటర్లూ వాడేదే. సంతకం పెట్టాక పీడీఎఫ్‌లో ఏది మార్చినా అక్రోబాట్ రీడర్‌లో తెరవగానే తెలిసిపోతుంది. ఒక్కటే జాగ్రత్త, వరస తప్పొద్దు. వర్డ్ నుంచి పీడీఎఫ్, దాని మీద వాటర్‌మార్క్, అన్నిటికంటే చివర సంతకం. నేను మొదట్లో సంతకం పెట్టేసి తర్వాత లోగో గుర్తొచ్చి వేశా, నా రిపోర్ట్‌లో నా సంతకమే చెల్లదని చూపించింది. ఇంకోటి, కస్టమర్ కంప్యూటర్‌లో పసుపు రంగు ప్రశ్నార్థకం వచ్చి వ్యాలిడిటీ అన్‌నోన్ అని పడొచ్చు, ఈ-ఆధార్ పీడీఎఫ్‌లో వస్తుంది చూశారా, అదే. సర్టిఫికెట్‌ని ఆ కంప్యూటర్ ఇంకా నమ్మట్లేదని దానర్థం, సంతకం దొంగదని కాదు. ఈ సంగతి రెండు లైన్లలో మెయిల్‌లోనే రాసి పంపితే వాళ్లకి టెన్షన్ ఉండదు. ఎడిట్ చెయ్యకుండా పాస్‌వర్డ్ పెట్టడం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, దాన్ని తీసేసే వెబ్‌సైట్లు బోలెడు.

ఇక పట్టీ ఉన్న ఫొటోలు రిపోర్ట్ కోసం, ఒరిజినల్స్ మాత్రం ముట్టుకోకుండా ఫోల్డర్‌లో దాచండి. ఏ రోజు ఎన్నింటికి తీశారో ఫైల్ లోపల ఉంటుంది, ఈ ఫొటో ఎవరిదన్న తగాదా వస్తే మీకు అదే ఆధారం. ఫోన్ నుంచి కంప్యూటర్‌కి వాట్సాప్‌లో ఫొటోలుగా పంపుకున్నారంటే ఆ వివరాలు పోతాయి, క్వాలిటీ కూడా పడిపోతుంది. కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి, మరీ కుదరకపోతే డాక్యుమెంట్‌గా పంపుకోండి.

స్నాగ్‌లిస్ట్_హైదరాబాద్:
అప్‌డేట్. రెండు రాత్రులు కూర్చుని టెంప్లేట్ మొత్తం మార్చేశాం. లోగో పేజీ వెనకాల బాగా పలచగా, రాత పేజీల్లోనూ ఫ్లోర్ ప్లాన్ పేజీల్లోనూ మాత్రమే. అడుగున రిపోర్ట్ నంబర్, కస్టమర్ పేరు, ఫ్లాట్, తేదీ, పేజీ లెక్క. ఫొటోలకి కింద పట్టీ, అది ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటో సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌లో 120 ఫొటోలకీ ఒకేసారి పడిపోతోంది (కంపెనీ పనికి వాడాలంటే లైసెన్స్ కొనాలట, కొన్నాం). గది పేరు మాత్రం గదికో ఫోల్డర్ చేసుకుంటేనే కుదిరింది. ఫైల్ 38 నుంచి 11 ఎంబీకి దిగింది. డిజిటల్ సంతకానికి అప్లై చేశాం.

@కొల్లూరు_ఫ్లాట్ గారు చెప్పాక ఆఫీసు కింద జిరాక్స్ షాపులో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీయించి చూశాం. పాత రిపోర్ట్‌లో ఒక లింటెల్ (తలుపు, కిటికీల పైన ఉండే దూలం) దగ్గర ఉన్న సన్న నెర్రె ఫొటో పెట్టాం, కాగితం మీద చెయ్యి చాపినంత దూరం నుంచి కూడా కనిపిస్తోంది. అడ్డం పేజీల్లో లోగో ఇంకా కొంచెం ఎడమకి జరిగి ఉంది అన్నా, లింక్ తీసేశా, అయినా అంతే.

డీటీపీ_విజయవాడ:
లింక్ తీసేసినా పాత బొమ్మ పాత కొలతతోనే అందులో మిగిలి ఉంటుంది తమ్ముడూ. ఆ హెడర్‌లోకి వెళ్లి బొమ్మ మీద క్లిక్ చేసి, పొజిషన్‌లో అడ్డానికీ నిలువుకీ సెంటర్డ్, రిలేటివ్ టు పేజ్ అని పెట్టు. మార్జిన్ అని ఉంటే, రెండు పక్కలా మార్జిన్లు సమానంగా లేనప్పుడు పక్కకి పోతుంది.

స్నాగ్‌లిస్ట్_హైదరాబాద్:
మార్జిన్ అనే ఉంది అన్నా. మార్చా, మధ్యకి వచ్చింది. రేపు పొద్దున కొల్లూరులో ఒక ఫ్లాట్ ఉంది, కొత్త టెంప్లేట్‌తో మొదటి రిపోర్ట్ దానికే ఇస్తున్నాం.