డ్రాప్‌డౌన్‌లో వత్తులు తెగిపోతున్నాయి, గడులు తెర దాటిపోతున్నాయి: సీఎస్‌ఎస్ సందేహం

ప్రశ్న (అనంతపురం)

అన్నగారికి నమస్కారం. ఖరీఫ్‌కు ముందే ఎవరికెన్ని బస్తాల వేరుశనగ విత్తనకాయలు కావాలో నమోదు చేసుకోవడానికి మా రైతు సంఘం వారు ఒక వెబ్ పేజీ చేసిపెట్టమన్నారు. రైతు పేరు, ఫోన్ నంబరు, బస్తాల సంఖ్య రాయడానికి మూడు గడులు, మండలానికీ విత్తన రకానికీ రెండు డ్రాప్‌డౌన్‌లు (నొక్కితే తెరుచుకునే జాబితాలు) పెట్టి, అన్నిటికీ కలిపి పేజీ రూపాన్ని నిర్ణయించే భాష సీఎస్‌ఎస్‌లో ఒకే నియమం రాశాను: విడ్త్ 100 శాతం, హైట్ 32 పిక్సెళ్లు, ప్యాడింగ్ (అంచుకూ రాతకూ మధ్య ఖాళీ) పైనా కిందా 8, పక్కల 12, బోర్డర్ 1, ఫాంట్-సైజ్ 14.

కంప్యూటర్‌లో ఇంగ్లీషు పేర్లతో చూసుకున్నప్పుడు ఏ లోపమూ కనిపించలేదు. తెలుగు పేర్లు చేర్చి మా నాన్నగారి ఫోన్‌లో తెరిస్తే మూడు గడులూ కుడివైపు అంచు దాటిపోయి, పేజీ మొత్తం పక్కకు జరుగుతోంది. డ్రాప్‌డౌన్‌లు వెడల్పులో సరిగ్గా ఒదిగాయి గానీ, వాటిలో అక్షరాల అడుగుభాగం తెగిపోతోంది. గార్లదిన్నె అని ఎంచుకుంటే ‘గారదినె’ అని చదువుకోవలసి వస్తోంది. బుక్కరాయసముద్రంలో కావత్తు సగం కూడా కనిపించడం లేదు. ఒకే నియమానికి రెండు రకాల ఫలితం ఎందుకొస్తోందో ఎంత ఆలోచించినా అంతుచిక్కలేదు.

జవాబు (కడప)

తమ్ముడూ, ఆ రెండు లోపాలకూ మూలం ఒక్కటే. మనం ఇచ్చిన వెడల్పూ ఎత్తూ దేనికి వర్తించాలో నిర్ణయించేది బాక్స్-సైజింగ్ అనే ప్రాపర్టీ. దాని విలువ కంటెంట్-బాక్స్ అయితే ఆ కొలత లోపలి రాతకు మాత్రమే చెందుతుంది, ప్యాడింగూ బోర్డరూ అదనంగా చేరతాయి. బోర్డర్-బాక్స్ అయితే అవి కూడా ఆ కొలతలోనే ఇమడాలి. మనం ఏమీ చెప్పనప్పుడు బ్రౌజర్లు పేరు రాసే మామూలు గడిని మొదటి పద్ధతిలోనూ, డ్రాప్‌డౌన్‌నూ బటన్‌నూ రెండో పద్ధతిలోనూ కొలుస్తాయి.

ఫోన్ తెర వెడల్పు 360 పిక్సెళ్లనీ, ఫారానికి ఇరుపక్కలా 16 చొప్పున ఖాళీ వదిలావనీ అనుకుందాం. లోపల మిగిలేది 328. నూరు శాతం అన్నావు కాబట్టి గడిలో రాతకే 328 పోయింది, దానిమీద ప్యాడింగ్ 24, బోర్డర్ 2 కలిసి 354 అయింది, ఎడమవైపు 16 కూడా కలిపితే గడి 370 దగ్గర ఆగుతుంది. తెర కంటే 10 ఎక్కువ, అందుకే పేజీ జరుగుతోంది. డ్రాప్‌డౌన్‌కు వెడల్పులో ఈ చిక్కు లేదు గానీ, 32 ఎత్తులో ప్యాడింగ్ 16, బోర్డర్ 2 పోగా అక్షరానికి 14 పిక్సెళ్లే మిగిలాయి. ఇంగ్లీషు అక్షరం అందులో ఎలాగో సర్దుకుంటుంది. పైన గుడి, కింద వత్తు, ‘స్త్రీ’ లాంటి చోట రెండు వత్తులు ఉండే మన లిపికి ఆ చోటు ఏ మూలకూ చాలదు.

కాబట్టి అన్నిటికీ బాక్స్-సైజింగ్ బోర్డర్-బాక్స్ అని రాయి. హైట్ పూర్తిగా తీసేసి, మిన్-హైట్ (కనీస ఎత్తు) 44 పిక్సెళ్లు ఇవ్వు. ఫాంట్-సైజ్ 14 కూడా తీసేసి, బాడీకి, అంటే పేజీ మొత్తానికి, ఫాంట్-సైజ్ 1 రెమ్ (బ్రౌజర్‌లో ఎంచుకున్న అక్షరాల సైజుకు ఒక వంతు), లైన్-హైట్ (వరుస ఎత్తు) అక్షరానికి 1.6 రెట్లు పెట్టి, గడులకూ డ్రాప్‌డౌన్‌లకూ బటన్‌కూ ఫాంట్ ఇన్‌హెరిట్ (పేజీదే తీసుకో) అని చెప్పు. ఎందుకంటే పేజీకి నీవు ఎంచుకున్న తెలుగు ఫాంటు, చెప్పనిదే, వీటిలోకి దానంతటది రాదు. 1 రెమ్ అంటే మామూలుగా 16 పిక్సెళ్లు కనుక వరుస ఎత్తు 25.6, ప్యాడింగూ బోర్డరూ కలిపితే 43.6 అవుతుంది, 44లో ఇముడుతుంది. ఐఫోన్ సఫారీలో గడి అక్షరాలు 16 కంటే చిన్నవైతే దాన్ని తాకగానే పేజీ జూమ్ అవుతుంది, ఆ ఇబ్బంది కూడా దీనితో పోతుంది.

మరో సలహా (కర్నూలు)

పైనా కిందా ప్యాడింగ్ 2కు తగ్గించి, ఎత్తు 32 అలాగే ఉంచినా సరిపోతుంది కదండీ? పేజీ పొట్టిగా ఉంటుంది. ఫోన్ నంబరు గడికి టైప్ నంబర్ అని ఇచ్చి ఉంటే మాత్రం టెల్ అని మార్చండి. నంబర్ అయితే కంప్యూటర్‌లో పక్కన చిన్న బాణాలు వస్తాయి, పొరపాటున ఒకటి నొక్కితే చివరి అంకె మారిపోతుంది.

జవాబు (కడప)

టెల్ గురించి మీరన్నది అక్షరాలా నిజమండీ. ఎత్తు విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేను. 26 పిక్సెళ్లు మిగులుతాయన్న లెక్క సరైనదే అయినా, చూపు తగ్గిన పెద్దవారు బ్రౌజర్‌లో అక్షరాల సైజు పెంచుకున్న మరుక్షణం వత్తులు మళ్లీ తెగుతాయి. మిన్-హైట్ అయితే అక్షరంతోపాటు గడి కూడా పెరుగుతుంది.

మళ్లీ ప్రశ్న (అనంతపురం)

అన్నా, మీరు చెప్పినట్టే మార్చాను, రెండు లోపాలూ పోయాయి. ఇంకొక్కటి మిగిలింది. తప్పనిసరి గడులకు రిక్వైర్డ్ పెట్టి, ఇన్‌వాలిడ్ అనే సూడో-క్లాస్‌కు (గడిలో ఉన్నది చెల్లనప్పుడు వర్తించే గుర్తుకు) ఎర్ర బోర్డర్ ఇచ్చాను. పేజీ తెరవగానే అన్నీ ఎర్రగా ఉంటే మా నాన్నగారు, ‘నేనింకా ఏమీ రాయలేదే, అప్పుడే ఏం తప్పు చేశాను?’ అని అడిగారు.

జవాబు (కడప)

ఆయన అడిగింది న్యాయమే. రిక్వైర్డ్ గడి ఖాళీగా ఉంటే ఇన్‌వాలిడ్ మొదటి క్షణం నుంచే వర్తిస్తుంది. దాని బదులు యూజర్-ఇన్‌వాలిడ్ వాడు. మనిషి గడిలో ఏదైనా రాసి బయటికి వచ్చాకో, పంపే బటన్ నొక్కాకో మాత్రమే అది వర్తిస్తుంది. 2023 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ ఉంది. అయితే దాన్ని వేరే నియమంగానే రాయి. ఇతర సెలెక్టర్లతో (నియమం వేటికి వర్తించాలో చెప్పే పేర్లతో) కామా పెట్టి కలిపితే, అది తెలియని పాత బ్రౌజర్ ఆ నియమం మొత్తాన్నీ వదిలేస్తుంది. రంగు పోల్చుకోలేనివారు కూడా ఉంటారు కాబట్టి గడి కింద ‘ఫోన్ నంబరు 10 అంకెలు ఉండాలి’ అని ఒక వాక్యం కూడా కనిపించేలా చెయ్యి.

అనంతపురం

మార్చి, నాన్నగారి ఫోన్‌లోనే అక్షరాల సైజు పెంచి చూశానన్నా. బ్రహ్మసముద్రం అని ఎంచుకుంటే హకారం కింది మావత్తు తోక దాకా కనిపిస్తోంది. రేపు సంఘం వారికి చూపిస్తాను.