లక్షణాలేమీ లేకుండా ప్రైవేటుగా ప్రోస్టేట్ ఎమ్మారై: ముందుచూపా, దండగా?

రెడింగ్‌వాసి
నాకు 53. ఒంట్లో ఏ తేడా లేదు, రాత్రి లేవాల్సిన అవసరం కూడా రావట్లేదు. నాకు తెలిసినంతలో మా ఇంట్లో ఎవరికీ ప్రోస్టేట్ క్యాన్సర్ రాలేదు. ఇక్కడ యూకేలో ఒక ప్రైవేటు క్లినిక్ వాళ్ళు "పదిహేను నిమిషాల ఎమ్మారై, సూది లేదు, రేడియేషన్ లేదు" అని ప్రకటన ఇస్తున్నారు. ఖర్చు కొన్ని వందల పౌండ్లు. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో కొందరు కలిసి వెళ్దాం, తగ్గింపు అడుగుదాం అంటున్నారు. ఒలింపిక్ సైక్లిస్టు క్రిస్ హాయ్‌కి 47 ఏళ్ళకే నాలుగో దశలో బయటపడిందని విన్నప్పటి నుంచి మా ఆవిడ కూడా వెళ్ళి రమ్మంటోంది. చేయించుకుంటే పోయేదేముంది? ఇదే నా ప్రశ్న.

పెనమలూరు బాబు
వెళ్ళండి సార్. ఇందులో చర్చ ఏముంది? మా నాన్నగారికి నడుం నొప్పి వస్తే ఊళ్ళో డాక్టరు డిస్కు అరుగుదల అన్నాడు. బెల్టు పెట్టారు, మాత్రలు ఇచ్చారు. చివరికి విజయవాడలో స్కాన్ తీస్తే ప్రోస్టేట్ నుంచి ఎముకలకి పాకింది. అప్పటికి చేయగలిగింది హార్మోన్ ఇంజెక్షన్లే. ఒక్క స్కాన్ ముందే తీసి ఉంటే? కారు సర్వీసింగుకి ఇంతకంటే ఎక్కువే పోస్తాం. మన డబ్బు, మన ఒళ్ళు, మధ్యలో ఎవరి అనుమతి కావాలి?

చీకటిగది (రేడియాలజిస్టు, నాటింగ్‌హామ్)
బాబు గారూ, మీ నాన్నగారి విషయం చదివి బాధేసింది. అయితే ఆయనకి జరగాల్సి ఉండి జరగనిది ఎమ్మారై కాదు, చవకగా అయిపోయే పీఎస్‌ఏ రక్తపరీక్ష (ప్రోస్టేట్ గ్రంథి వదిలే ఒక ప్రొటీన్ రక్తంలో ఎంతుందో చూసేది). పెద్ద వయసు మగవాడికి తగ్గని నడుం నొప్పి ఉంటే అది రాయాల్సింది. పైగా ఆయనకి లక్షణం ఉంది. రెడింగ్‌వాసి గారికి లేదు. ఈ రెండూ వేరువేరు కేసులు.

ఇక ప్రకటన సంగతి. నేను రోజూ ఈ స్కాన్లు చదివేవాణ్ణి, కాబట్టి ఎమ్మారై మీద కోపం నాకేమీ లేదు. నిజానికి ఈ పదేళ్ళలో ప్రోస్టేట్ వైద్యాన్ని మార్చిందే అది. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ప్రామిస్ అధ్యయనంలో 576 మందికి ఎమ్మారై తీసి, బయాప్సీతో (సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షించడం) పోల్చి చూశారు. ప్రమాదకరమైన క్యాన్సర్లలో ఎమ్మారై 93 శాతం పట్టుకుంది, పాత పద్ధతి బయాప్సీ 48 శాతమే. ముందు ఎమ్మారై తీస్తే నాలుగో వంతు మందికి బయాప్సీ తప్పుతుందని కూడా తేలింది. తర్వాత ప్రిసిషన్ (2018) అదే దారిలో నడిచింది. 2025లో వచ్చిన ప్రైమ్ అధ్యయనమైతే కాంట్రాస్ట్ సూది (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) లేకుండా తీసిన చిన్న స్కాన్ కూడా పెద్ద స్కాన్‌కి తీసిపోదని చూపించింది. మీ క్లినిక్ "సూది లేదు" అనేది అక్కడి నుంచి వచ్చిందే.

కానీ ఆ అధ్యయనాల్లో ఉన్నవాళ్ళు ఎవరు? పీఎస్‌ఏ పెరిగిందనో, వేలితో పరీక్షిస్తే గట్టిగా తగిలిందనో అప్పటికే అనుమానం వచ్చినవాళ్ళు. ఏ అనుమానమూ లేని మనిషిని నేరుగా స్కానర్లోకి పంపితే ఏమవుతుందో అవి చెప్పవు. అదే ప్రామిస్‌లో, ప్రమాదకరమైన క్యాన్సర్ లేనివాళ్ళలో ఎమ్మారై "ఏమీ లేదు" అని సరిగ్గా చెప్పింది 41 శాతం మందికే. మిగతా వాళ్ళందరికీ ఏదో మచ్చ కనిపించింది. ప్రోస్టేటైటిస్ (గ్రంథి వాపు) ఉన్నా, ఎప్పుడో వచ్చిన ఇన్ఫెక్షన్ తాలూకు మచ్చ ఉన్నా క్యాన్సర్‌లాగే నల్లగా కనిపిస్తుంది. మేం పైరాడ్స్ అని 1 నుంచి 5 దాకా మార్కులేస్తాం. 1, 2 అయితే ఇంటికి, 4, 5 అయితే బయాప్సీకి. 3 వస్తుంది చూడండి, అది మాకూ తలనొప్పే. ఒకే స్కాన్‌కి నేను 3 వేస్తే పక్క గదిలో కూర్చున్నాయన 2 వేస్తాడు.

లెక్కల మాస్టారు
డాక్టరు గారు సగమే చెప్పారు. లక్షణాలు లేనివాళ్ళ మీద కూడా చూశారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళ రీఇమాజిన్ అధ్యయనం, 2023. 50 నుంచి 75 ఏళ్ళవాళ్ళని జీపీల (ఇక్కడి కుటుంబ వైద్యుల) ద్వారా పిలిచారు. 303 మంది ఎమ్మారై, పీఎస్‌ఏ రెండూ చేయించుకున్నారు. 48 మందికి స్కాన్‌లో అనుమానం. అందులో 32 మందికి పీఎస్‌ఏ 3 లోపే, అంటే రక్తపరీక్ష ఒక్కటే నమ్ముకుంటే వీళ్ళు "మీకేం లేదు" అనిపించుకుని ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. చివరికి చికిత్స అవసరమైన క్యాన్సర్ 29 మందికి తేలింది. వాళ్ళలో 15 మందికి పీఎస్‌ఏ 3 లోపు. అక్కర్లేని చిన్న క్యాన్సర్ బయటపడింది ముగ్గురికే.

పీఎస్‌ఏ మామూలుగా ఉన్నా ప్రతి ఏడుగురిలో ఒకరికి క్యాన్సర్ ఉండొచ్చని ఇక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్సే చెబుతుంది. అటువైపు, పీఎస్‌ఏ ఎక్కువున్న నలుగురిలో ముగ్గురికి క్యాన్సర్ ఉండదు. ఇంత బలహీనమైన పరీక్షని ముందు నిలబెట్టి, మంచి పరీక్షని వెనక దాచడం ఏం తర్కమో నాకు అర్థం కాదు.

చీకటిగది
మాస్టారూ, మంచి అధ్యయనమే తెచ్చారు. కానీ రెండు మాటలు. వాళ్ళు పిలిచింది 2096 మందిని, స్పందించింది 457 మంది. ఏదో అనుమానంతో వచ్చినవాళ్ళు అందులో ఎక్కువ ఉండొచ్చు. రెండోది అసలైనది: ఆ 15 మందిని అప్పుడు పట్టుకోవడం వల్ల ఎవరి ప్రాణమైనా నిలిచిందా? చెప్పలేం, అది చెప్పడానికి పదిహేనేళ్ళు ఆగాలి. ప్రోస్టేట్ క్యాన్సర్ దొరకడం వేరు, దొరికినందువల్ల మనిషి బతకడం వేరు. 80 దాటి వేరే కారణంతో పోయినవాళ్ళని కోసి చూస్తే సగానికి పైగా మందిలో ప్రోస్టేట్ క్యాన్సర్ కనిపిస్తుంది, వాళ్ళకి ఆ సంగతే తెలియదు.

దక్షిణ కొరియాలో ఏమైందో తెలిసిందేగా. ఇతర స్క్రీనింగులతో పాటు మెడకి అల్ట్రాసౌండ్ కూడా చేయడం మొదలుపెట్టారు. 1993కీ 2011కీ మధ్య థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లు పెరిగాయి. దానితో చనిపోయేవాళ్ళ సంఖ్య మారలేదు. వేలమందికి గ్రంథి తీసేశారు, జీవితాంతం మాత్రలు.

పెనమలూరు బాబు
థైరాయిడ్‌తో పోల్చకండి సార్. యూకేలో ఏటా పన్నెండు వేలమందికి పైగా మగవాళ్ళు ప్రోస్టేట్‌తో పోతున్నారు. మాజీ ప్రధాని డేవిడ్ కామెరాన్ కథ ఏంటి మరి? భార్య బలవంతం మీద పీఎస్‌ఏ చేయించుకున్నాడు, ఎక్కువొచ్చింది, ఎమ్మారై, బయాప్సీ, చికిత్స. ఆయనకేం లక్షణాలున్నాయి?

జీపీ అక్క (బర్మింగ్‌హామ్)
బాబూ, నువ్వు చెప్పిన కథలోనే జవాబుంది. ముందు పీఎస్‌ఏ, తర్వాత ఎమ్మారై. ఆ వరస ఎన్‌హెచ్‌ఎస్‌లో పైసా ఖర్చు లేకుండా ఉంది. 50 దాటిన ఏ మగవాడైనా లాభనష్టాలు విన్నాక "నాకు పీఎస్‌ఏ కావాలి" అంటే జీపీ చేయించాలి. మేమే పిలిచి చెప్పం, అది నిజం, ఆ విషయంలో మీరు తిడితే పడతాను. కానీ రెడింగ్‌వాసి గారు అడగకుండానే వందల పౌండ్లు తీయబోతున్నారు.

అడిగేముందు కొన్ని గుర్తుపెట్టుకోండి. రెండు రోజుల ముందు నుంచి సైకిలు, గట్టి వ్యాయామం వద్దు, వీర్యస్ఖలనం కూడా వద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి ఉంటే ఆరు వారాలు ఆగాలి. ఇంకోటి, మనవాళ్ళు ఎవరూ చెప్పనిది: జుట్టు కోసం ఫినాస్టెరైడ్ వేసుకుంటున్నారా? అది పీఎస్‌ఏని దాదాపు సగానికి దించేస్తుంది. ఆన్‌లైన్లో తెప్పించుకుని భార్యకి కూడా చెప్పని పేషెంట్లు నాకున్నారు. పీఎస్‌ఏ 2 అని సంతోషపడితే అది నిజానికి 4.

మరో లెక్క. ఇంగ్లాండ్‌లో 2008–10 నాటి వివరాలతో 2015లో ఒక విశ్లేషణ వచ్చింది. జీవితకాలంలో ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడేది తెల్లవాళ్ళలో 8 మందిలో ఒకరికి, నల్లవాళ్ళలో 4గురిలో ఒకరికి, ఆసియా వాళ్ళలో 13 మందిలో ఒకరికి. అసలు ప్రమాదం తక్కువైతే, స్కాన్‌లో కనిపించిన మచ్చ ఉత్తుత్తిదయ్యే అవకాశం పెరుగుతుంది. యంత్రం మారదు, కానీ దాని మాటకి విలువ మారుతుంది.

లెక్కల మాస్టారు
మనవాళ్ళు పరీక్షకే వెళ్ళరు కాబట్టి 13లో ఒకరు. వెళ్ళనివాళ్ళకి ఎలా బయటపడుతుంది?

జీపీ అక్క
ఆ అనుమానం నాకూ ఉండేది మాస్టారూ. అందుకే మరణాలు చూడాలి, వాటిని దాచలేం. అదే విశ్లేషణలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయేది తెల్లవాళ్ళలో 24 మందిలో ఒకరు, నల్లవాళ్ళలో 12 మందిలో ఒకరు, ఆసియా వాళ్ళలో 44 మందిలో ఒకరు. బయటపడ్డాక పోయే అవకాశం ముగ్గురికీ ఇంచుమించు ఒకటే. అంటే మనకి రావడమే తక్కువ.

కరీంనగరోడు
మీరందరు లెక్కలు మస్తు జెప్తుండ్రు గని, దొరికినంక మనిషి తలకాయల ఏమైతదో ఎవ్వరు జెప్తలేరు. మా దోస్తుకు గిట్లనే ప్రైవేటుల తీస్తే 3 అని అచ్చింది. బయాప్సీ జేసిండ్రు. చిన్నది, గ్లీసన్ 6 (అంటే తక్కువ ప్రమాదమున్నది), ఏం జెయ్యద్దు, కనిపెట్టుకుంట ఉందం అన్నరు. డాక్టరుకేమో గది మంచి వార్త. వీనికేమో నిద్ర పోయింది. ఆర్నెల్లకోసారి పీఎస్‌ఏ అంటే పది రోజుల ముందుకెల్లి తిండి సయిస్తలేదు. ఇండియాకు పోవాలంటె ట్రావెల్ ఇన్సూరెన్సుల క్యాన్సర్ అని రాసుడు. ఆఖరికి "తీసెయ్యుండ్రి, పీడ వోతది" అన్నడు. తీసిండ్రు. ఇప్పుడు ప్యాడ్ లేకుంట పెండ్లిళ్ళకు రాడు.

నిమ్మకాయ పులిహోర
ఒక మగవాడి ప్యాడ్ గురించి ఇంత బాహాటంగా మాట్లాడిన మొదటి తెలుగు చర్చ ఇదేనేమో. మంచిదే. పిల్లల్ని కన్నాక మేం పడేది ఇదే, దాని మీద ఎవరూ చర్చ పెట్టలేదు.

కానీ భార్యల తరఫున ఒక మాట. "ఆవిడ పంపుతోంది" అని ప్రతివాడూ అంటున్నాడు. నేను పంపేది స్కాన్‌కి కాదు, డాక్టరు దగ్గరికి. ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళడు, బీపీ చూపించుకోడు. స్కానర్ అయితే ఎవరితో మాట్లాడక్కర్లేదు, పడుకుంటే చాలు. అందుకే మీకందరికీ అంత నచ్చింది.

లెక్కల మాస్టారు
కరీంనగర్ సోదరుడు చెప్పింది కాదనను. అయితే అది స్కాన్ తప్పు కాదు, తర్వాత తీసుకున్న నిర్ణయం తప్పు. ఇంగ్లాండ్‌లో ఇప్పుడు తక్కువ ప్రమాదమున్న క్యాన్సర్లలో తొంభై శాతం దాకా కోయకుండా కనిపెట్టుకునే ఉంటున్నారు. అతిచికిత్స అనే పాత భూతాన్ని చూపించి ఇంకా ఎన్నాళ్ళు భయపెడతారు?

చీకటిగది
తగ్గిన మాట నిజం, నేనూ సంతోషిస్తాను. కానీ ప్రొటెక్ట్ అనే బ్రిటన్ అధ్యయనం ఫలితాలు చూడండి (2023). పీఎస్‌ఏతో బయటపడ్డ 1643 మందిని మూడు గుంపులు చేశారు: కనిపెట్టుకుని ఉండటం, ఆపరేషన్, రేడియేషన్. పదిహేనేళ్ళకి మూడింటిలోనూ 97 శాతం మంది ప్రోస్టేట్ క్యాన్సర్ వల్ల చనిపోలేదు. అయితే "కనిపెట్టుకుని ఉందాం" అన్న గుంపులో దాదాపు 60 శాతం మంది ఆ పదిహేనేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషనో రేడియేషనో చేయించుకున్నారు. కొందరికి అవసరమై, కొందరికి తట్టుకోలేక. క్యాన్సర్ వేరే చోట్లకి పాకడం మాత్రం కనిపెట్టుకున్న గుంపులోనే రెట్టింపు ఉంది (9.4 శాతం, మిగతా రెండింటిలో 5 దగ్గర), అది కూడా దాచను. ఆపరేషన్ గుంపులో పన్నెండేళ్ళ తర్వాత నాలుగో వంతు మంది ప్యాడ్ వాడుతున్నారు.

స్క్రీనింగే పనికిరాదని నేననను. యూరప్‌లో 1,62,000 మందిని 23 ఏళ్ళు వెంబడించిన పరిశోధన ఫలితం 2025లో వచ్చింది. పీఎస్‌ఏతో మళ్ళీ మళ్ళీ చూస్తే ప్రోస్టేట్ మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక్క మరణం తప్పింది. బ్రిటన్‌లో ఒక్కసారే పిలిచి చూసిన క్యాప్ పరిశోధనలో పదిహేనేళ్ళకి ప్రోస్టేట్ మరణాల్లో తేడా 0.78 శాతం నుంచి 0.69కి, అంతే. ఇక్కడే ప్రైవేటు స్కాన్‌తో నా అసలు పేచీ. ఒక్కసారి కొనుక్కునే ఫొటోతో లాభం బహు స్వల్పం. లాభం ఉన్నదల్లా ఏళ్ళ తరబడి వెంటాడే వ్యవస్థలో. క్లినిక్ మీకు రిపోర్టు ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. పైరాడ్స్ 3 వస్తే మీరు పట్టుకుని పరిగెత్తేది అక్క దగ్గరికే.

జీపీ అక్క
పరిగెత్తుకుని వస్తారు, సోమవారం పొద్దున్నే. నేను అత్యవసర రిఫరల్ రాయాలి, అనుమానం ఉన్నాక తప్పదు. ఆ వరసలోనే రక్తం పడుతున్న మనిషి కూడా ఉంటాడు.

పెనమలూరు బాబు
అంటే డబ్బున్నవాడు ముందు చూసుకోకూడదు, అందరితో పాటు వరసలో చావాలా అక్కా?

జీపీ అక్క
అలా అనలేదురా. మీ నాన్నగారికి వచ్చింది కాబట్టి నీ లెక్క వేరు. తండ్రికో అన్నదమ్ముడికో వస్తే ప్రమాదం రెట్టింపుకి పైనే. నీకు 45 దాటితే వచ్చి మాట్లాడు, పీఎస్‌ఏ సంగతి చూద్దాం. ఇంట్లో ఆడవాళ్ళకి రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఉంటే అదీ చెప్పు. ఆ క్యాన్సర్ల ప్రమాదం పెంచే బీఆర్‌సీఏ జన్యువు మార్పు మగవాళ్ళకీ వస్తుంది. 2025 నవంబర్‌లో యూకే స్క్రీనింగ్ కమిటీ తన ముసాయిదాలో అవునన్నది ఈ ఒక్క గుంపుకే: బీఆర్‌సీఏ మార్పు నిర్ధారణ అయినవాళ్ళకి 45 నుంచి 61 దాకా రెండేళ్ళకోసారి. నల్లవాళ్ళకి కూడా కాదన్నారు, ఆ నిర్ణయం మీద నాకు కోపమే, అది వేరే చర్చ.

రెడింగ్‌వాసి
అందరికీ థాంక్స్. ఫినాస్టెరైడ్ మాట చదివి మా ఆవిడ నా వైపు చూసింది. జీపీకి ఫోన్ చేశాను, పీఎస్‌ఏకి వచ్చే వారం రమ్మన్నారు. గ్రూపు తగ్గింపు వాళ్ళకి నేను రానని చెప్పాను. ముగ్గురు మాత్రం వెళ్తున్నారు.

లెక్కల మాస్టారు
ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. నాకు 61, పీఎస్‌ఏ 2.1, మాత్రలేవీ లేవు. ఆ అంకె మీద నాకు నమ్మకం లేదు, అంతే. తప్పు మచ్చ కనిపిస్తే బయాప్సీ దాకా వెళ్ళడానికి సిద్ధపడే వెళ్తున్నాను.

చీకటిగది
సరే మాస్టారూ. అయితే క్లినిక్ వాళ్ళని ముందే అడగండి: స్కాన్ ఎవరు చదువుతారు, ఏడాదికి ఎన్ని ప్రోస్టేట్ ఎమ్మారైలు చదివే అలవాటుంది, రెండో రేడియాలజిస్టు చూస్తారా, గ్రంథి పరిమాణం రాస్తారా. మీ పీఎస్‌ఏని ఆ పరిమాణంతో భాగిస్తే వచ్చే అంకె 0.15 దాటితే, పైరాడ్స్ 3 మీద నిర్ణయం మారుతుంది. ఇవేవీ చెప్పలేకపోతే వేరే చోటు చూసుకోండి.

మిగతావాళ్ళకి: స్కాన్ ముందు తీయాలా, పీఎస్‌ఏ ముందు చేయాలా అన్న ఈ ప్రశ్న మీదే ట్రాన్స్‌ఫార్మ్ అనే పెద్ద పరిశోధన ఇక్కడ మొదలైంది. మూడు లక్షల మంది దాకా తీసుకుంటారు. మనంతట మనం చేరలేం, జీపీ రికార్డుల నుంచి ఎంచి ఉత్తరం పంపుతారు. ఇంటికి అలాంటి కవరు వస్తే ప్రకటనల కాగితం అనుకుని పారేయకండి.