క్రైస్తవ సంఘంలో మనసు గాయపడి చర్చి మానేసినవాళ్ల ఇంటికి రెండోసారి వెళ్లేదెలా?

అందరికీ వందనాలు. దశమభాగం (రాబడిలో పదోవంతు కానుక) ఇవ్వలేదని వేదిక మీద పేరు చదివితే తలదించుకున్నవాళ్లు, కులాంతర పెళ్లి చేసుకున్నారని ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణకు) రానివ్వనివాళ్లు మందిరం మానేశారు. వాళ్లను కలిసే పని మాది. బైబిల్లో యెహెజ్కేలు 34వ అధ్యాయం తప్పుపట్టింది కాపరులనే గదా, చెదిరిన గొర్రెలను కాదు.

మొదటిసారి ఇద్దరమే వెళ్తాం, అరగంట మించి కూర్చోం. కానుకల కవరు పట్టుకెళ్లం. అడిగితేనే ప్రార్థన. "ఆదివారం రండి" అనం. అంటే, విన్నదంతా హాజరు కోసమే అనుకుంటారు. విన్నది స్త్రీల కూడికలో ప్రార్థన మనవిగా బయటికొచ్చిందా, ఇక తలుపు తెరవరు. పిల్లలపై లైంగిక వేధింపైతే పెద్దల రాజీ కుదరదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే.

చిక్కు రెండోసారి. టీ గ్లాసు కింద పెట్టి, "నన్నన్నాయన ఇంకా ఆ మైకు ముందే ఉన్నాడుగా" అంటే ఏం చెప్పాలి? అందరి ముందు అన్న మాటకు అందరి ముందే క్షమాపణ అడగాలి. కానీ దాంతో వాళ్లు మళ్లీ నలుగురి నోళ్లలో పడతారేమో. ముందే ఆ క్షమాపణ ఉత్తరంగా రాసిచ్చి, ఏది చదవాలో వాళ్లనే దిద్దమంటే మంచిదా? ఆ పెద్దమనిషి ఒప్పుకోకపోతే? ఇలా చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.