బెల్ ఆఫ్ లూయీవిల్ స్టీమరు ఫోటో కుదరట్లేదు, సాయం చేయండి

ఒహాయో_గట్టు: మధ్యాహ్నం నుంచి తంటాలు పడుతున్నా. ఇక్కడ అమెరికాలోని లూయీవిల్‌లో, ఒహాయో నది ఒడ్డున ఫోర్త్ స్ట్రీట్ రేవులో కట్టేసి ఉంటుందే ఆ పాత స్టీమరు, దాని తెల్ల రెయిలింగులన్నీ ఒకటే ముద్దలా తెల్లగా కొట్టేస్తున్నాయి, వెలుతురు తగ్గిస్తే వెనక నీళ్ళని తోసి పడవని నడిపే ఎర్రచక్రం నల్లబడిపోతోంది. సెట్టింగ్స్ అన్నీ మార్చేశా. రేపు అమ్మానాన్నలని నిలబెట్టి తీయాలి, టెన్షన్‌గా ఉంది.

నీడ_వెలుగు: ఫోనా, కెమెరానా? ఎటు నిలబడ్డారు?

పాత_పడవలు: అందరూ చక్రం వెంటే పడతారు. 1914లో పిట్స్‌బర్గ్‌లో కట్టిన పడవండీ అది, మొదటి పేరు ఐడిల్‌వైల్డ్, ఆ తర్వాత అవలాన్. 1962లో వేలానికొస్తే కౌంటీ వాళ్ళు 34,000 డాలర్లకు కొన్నారు కాబట్టి బతికింది, ఇప్పటికీ ఆవిరితోనే నడుస్తుంది. పై డెక్కు మీద కాలియోపీ ఉంటుంది, ఆవిరితో మోగే ఈలల వరస. అది వాయిస్తున్నప్పుడు ఏ స్వరం పలికితే ఆ ఈల నుంచి తెల్లటి ఆవిరి చిమ్ముతుంది. తీయాల్సింది అదీ.

ఒహాయో_గట్టు: బావుందండీ, కానీ నా సమస్య అది కాదు. ఫోనే. రేవు మెట్ల మీంచి తీశా.

క్లిక్_బాబాయ్: హెచ్‌డీఆర్ ఆన్ చెయ్, వెలుతురు ఎక్కువ తక్కువలతో కొన్ని ఫోటోలు తీసి ఫోనే కలిపేస్తుంది, అయిపోతుంది.

పాత_పడవలు: ఆవిరి కదులుతుంటే హెచ్‌డీఆర్‌లో దెయ్యంలా రెండు మూడు నీడలు పడతాయి. మనమే మూడు ఎక్స్‌పోజర్లు, అంటే వేర్వేరు వెలుతురుతో మూడు ఫోటోలు, తీసి కలపడమే మేలు.

క్లిక్_బాబాయ్: మీరు చెప్పేది బ్రాకెటింగ్. కలిపితే అదీ హెచ్‌డీఆరే కదా, దానికీ నీడలు రావా?

పాత_పడవలు: ఫోను తనంతట తాను చేసేది వేరు, మనం చేత్తో చేసేది వేరు.

నీడ_వెలుగు: ఆ గొడవ తర్వాత. ఎండ నడినెత్తిన ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు, డెక్కుల చూరు కింద నీడ, రెయిలింగుల మీద మంట. జూన్ కదా, పొద్దున సూర్యుడు ఈశాన్యంలో ఉంటాడు. సెకండ్ స్ట్రీట్ బ్రిడ్జి కాలిబాట ఎక్కి పడమటికి తిరిగితే పడవ ఎదురుగా, ఎండ మీ వీపు మీద. తెల్లభాగం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది, వేలు కాస్త కిందికి లాగి వెలుతురు తగ్గించండి, చక్రాన్ని తర్వాత ఎడిట్‌లో వెలిగించుకోవచ్చు. అమ్మగారిని, నాన్నగారిని మీకు దగ్గరగానే నిలబెట్టండి, పడవ చిన్నదైనా పర్లేదు. లారీలు పోతుంటే బ్రిడ్జి అదురుతుంది, ఆగి తీయండి.

క్లిక్_బాబాయ్: బ్రిడ్జి మీద పెద్దవాళ్ళు అంతసేపు నిలబడగలరా?

పాత_పడవలు: కాలియోపీ మాత్రం బ్రిడ్జి మీంచి దొరకదు, బయల్దేరే టైముకి రేవులోనే ఉండాలి.

ఒహాయో_గట్టు: థాంక్సండీ, పొద్దున్నే బ్రిడ్జి మీదికి వెళ్తాం.