"సిక్ ఫాటా వొలుంట్": తెలుగులో ఏమందాం?

హంగేరీ రాణి ఇసబెల్లా మీద వ్యాసం రాస్తూ ఈ మూడు లాటిన్ మాటల దగ్గర ఆగిపోయాను. పెద్దలు సాయం చెయ్యాలి.

1526లో మొహాచ్ యుద్ధంలో రాజు చనిపోయాక హంగేరీ సింహాసనానికి ఇద్దరు రాజులయ్యారు: యానోష్ జాపోయా, ఆస్ట్రియా ఏలే హాబ్స్‌బర్గ్ వంశపు ఫెర్డినాండ్. పోలండ్ రాజు కూతురు ఇసబెల్లా 1539లో, ఇరవయ్యేళ్ళకి, యానోష్‌కి రాణిగా వచ్చింది. మరుసటేడు జులైలో కొడుకు పుట్టాడు, ఆ నెలలోనే భర్త పోయాడు. 1541 ఆగస్టులో ఒట్టోమన్ తుర్కుల సుల్తాన్ సులేమాన్ పసివాణ్ణి తన గుడారానికి తెప్పించుకున్నాడు. అదే రోజు అతని సైనికులు రాజధాని బుడా కోటలోకి చొరబడ్డారు. రాజ్యం మూడు ముక్కలై, తల్లీబిడ్డలకి తూర్పున ట్రాన్సిల్వేనియా వైపు మిగిలింది. అక్కడా పెత్తనం మార్తినుజ్జి అనే సన్యాసిది. ఆయన ఫెర్డినాండ్‌తో ఒప్పందం కుదర్చడంతో 1551లో రాణి కిరీటం అప్పగించి, కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. కొండదారిలో ఒక చెట్టు మీద ఈ మాటలు చెక్కిందని ఐతిహ్యం.

"విధి అలా కోరింది" అని రాశాను. చదువుకుంటే తెలుగులా లేదు. మన విధి ఆడిస్తుంది, వెక్కిరిస్తుంది, పగబడుతుంది. కోరదు.

—

మంచి ప్రశ్న అడిగారండీ. ఫాటా బహువచనం, వొలుంట్ కూడా బహువచన క్రియే. ఏకవచనం ఫాటుమ్‌కి 'పలకబడినది' అని మూలార్థం. వాళ్ళ విధి నోటిమాట, మనది రాత. తలరాత, నుదుటి రాత, బ్రహ్మ రాత, అన్నీ రాతలే. అందుకే "విధి ఆనతి ఇదీ" అంటాను. ఆనతి కూడా పలికేదే కదా.

—

మాస్టారూ, ఆనతి అందంగా ఉంది, కాదనను. కానీ ఇల్లు వదిలి వెళ్తున్న మనిషి నోట ఆ మాట వస్తుందా? మా నాయనమ్మ ఊళ్ళో ఇల్లు అమ్మిన రోజు గడపకి పసుపు రాసి, తాళంచెవి కొన్నవాళ్ళ చేతిలో పెట్టి, "అలా రాసిపెట్టి ఉందమ్మా" అని బండెక్కింది. నాకు ఇసబెల్లా ఆవిడలాగే కనిపిస్తోంది. "తలరాత" మాత్రం వద్దు, అందులో ఏడుపు ఎక్కువ.

—

ఇద్దరికీ నమస్కారం. నాయనమ్మగారి మాటే తీసుకుంటున్నాను. దానికి ఇంకో బలం ఉంది. "తలరాత" చెడుకే ఎక్కువ వాడతాం, "రాసిపెట్టి ఉంది" మంచికీ చెల్లుతుంది, పెళ్ళి కుదిరినా అదే అంటాం. 1556లో ట్రాన్సిల్వేనియా వాళ్ళే ఇసబెల్లాని, కొడుకుని వెనక్కి పిలిపించుకున్నారు. 1559లో పోయేదాకా కొడుకు పేరు మీద ఆవిడే ఏలింది. వెళ్ళిన రోజుకీ వచ్చిన రోజుకీ సరిపోయే మాట కావాలి నాకు.

మాస్టారు చెప్పిన బహువచనం కూడా వదలబుద్ధి కావడం లేదు. ఆవిడ బతుకు ఫెర్డినాండ్, సుల్తాన్, సన్యాసి, ఇన్ని ఇష్టాల మధ్య నలిగింది. అందుకని వాక్యంలో "అలా రాసిపెట్టి ఉంది" అని వేసి, 'పలుకు' సంగతీ బహువచనం సంగతీ పేజీ అడుగున చెప్తాను.