బాత్రూములో గ్యాస్ గీజరు: ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే చాలా?

పటమట_అద్దె
గురువారం పొద్దున మా పాప తలంటు పోసుకుంటూ బాత్రూములో పడిపోయింది. గడియ విరగ్గొట్టి బయటికి తెచ్చాం. గాలి తగిలాక కళ్లు తెరిచి వాంతి చేసుకుంది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి, గీజరు పొగ పీల్చిందన్నారు. మా ఓనరుగారు ‘ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి ఇచ్చాను, వేసుకోకపోతే మీ తప్పు’ అంటున్నారు. ఫ్యాన్ తిరుగుతూనే ఉందండీ. తెలిసినవాళ్లు చెప్పండి.

లక్ష్మీపురం_ఓనర్
గుంటూరులో నాకు నాలుగు పోర్షన్లున్నాయి. అన్నిట్లో ఫ్యాన్లే, ఏనాడూ ఏమీ కాలేదు. గ్యాస్ లీకైతే వాసన రావాలి కదా. వచ్చిందా?

పటమట_అద్దె
రాలేదు.

లక్ష్మీపురం_ఓనర్
మరింకేం. పిల్ల ఏమీ తినకుండా వేడినీళ్ల కింద నిలబడి ఉంటుంది, కళ్లు తిరిగాయి.

బ్రాడీపేట_మాస్టారు
లీకు వేరు, ఇది వేరు. ఆ వాసన సిలిండర్ గ్యాసులో కావాలని కలిపే మెర్‌క్యాప్టన్‌ది. మంటలో అదీ కాలిపోతుంది. ఇక్కడ పుట్టింది కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసనా లేదు రంగూ లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

6 లీటర్ల గీజరు గంటకు కిలోకి దగ్గరగా గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ కాలడానికి 12, 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తున్న బాత్రూములో ఉండే గాలి 9 ఘనపు మీటర్లు కూడా ఉండదు. అన్నీ బిగించుకుని పది నిమిషాలు నీళ్లు వదిలితే అందులో నాలుగో వంతు గీజరుకే పోతుంది. గాలి చాలని మంట ఈ విషాన్ని కక్కుతుంది. పిల్ల తిన్నదా లేదా అన్నది కాదు ప్రశ్న.

భవానీపురం_లత
మేమూ దోమలకని వెంటిలేటరుకి అట్ట కొట్టేశాం. ఇప్పుడే పీకేయిస్తున్నా.

బెజవాడ_ప్లంబర్
ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంది సరే, లోపలికి ఎటునుంచి రావాలి? తలుపు కింద సందు లేకపోతే పొగగొట్టంలోంచే లాగుతుంది. పోవాల్సిన పొగ వెనక్కొస్తుంది. గొట్టం ముందు నిలువుగా లేవాలి, వంపులు తక్కువుండాలి, బయట చివర టోపీ ఉండాలి. డక్టులోకి, అంటే బిల్డింగులో పైపులు దిగే సందులోకి, వదిలి బయటికి వదిలామంటారు కొందరు. పైన రేకు కప్పిన డక్టులో పొగ పైవాళ్ల బాత్రూములోకే పోతుంది.
అన్నా, మీ గీజరుకి గొట్టం ఉందా?

పటమట_అద్దె
లేదన్నా. బిగించినతను గోడకి రంధ్రం కొట్టాలన్నాడు. ఓనరుగారు గోడ ముట్టుకోవద్దన్నారు.

లక్ష్మీపురం_ఓనర్
అందులో తప్పేముంది? నా పోర్షన్‌లో ఒకాయన చెప్పకుండా గోడకి బొక్క కొట్టి వెళ్లిపోయాడు. వానకి కింది గదంతా చెమ్మ. 18 వేలు నేనే పెట్టుకున్నా. అంత భయమున్నవాళ్లు కరెంటు గీజరు పెట్టుకోవచ్చుగా?

పటమట_అద్దె
పెట్టుకుందామనే రెండేళ్లుగా మా ఓనరుగారిని 15 ఆంపియర్ల పాయింటు అడుగుతున్నానండీ! వైరింగు పాతది, లోడు తట్టుకోదన్నారు. గోడ ముట్టుకోవద్దు, లైను లాగించరు. మేం గ్యాస్ పెట్టుకున్నది సరదాకి కాదు.

లక్ష్మీపురం_ఓనర్
మీటరు దగ్గర్నుంచి కొత్త లైనంటే మాటలా? వచ్చే అద్దె ఎంతని? మీరు ఏడాదికో ఇల్లు మారతారు, మేం ఆ గోడలతోనే ఉండాలి.

పటమట_అద్దె
నా కూతురు గచ్చు మీద పడుంటే తలుపు గుద్దింది నేను. మీకు గోడ కనిపిస్తోంది.

బ్రాడీపేట_మాస్టారు
ఇద్దరూ ఆగండి. ఫ్యాన్ గురించి మొదలుపెట్టారు, తగువు ఖర్చు ఎవరిదన్నది. అది తేలేదాకా ఆ గీజరు వెలిగించకండి బాబూ. స్టవ్ మీద నీళ్లు కాచుకోండి.

బెజవాడ_ప్లంబర్
అన్నా, వాష్ ఏరియాకి గ్రిల్లేనా, అద్దాలు బిగించారా?

పటమట_అద్దె
గ్రిల్లే.

బెజవాడ_ప్లంబర్
అయితే గీజరు అక్కడ బిగించి, వేడినీళ్ల పైపు లోపలికి తెచ్చుకోండి. మంట బయట, నీళ్లు లోపల. ఆ గ్రిల్లుకి మాత్రం ఎప్పటికీ అద్దాలు బిగించకండి. పైపుకి అంగుళం రంధ్రం చాలు.

లక్ష్మీపురం_ఓనర్
అంగుళమైతే నేనైనా ఒప్పుకుంటాను. చుట్టూ సిమెంటు పూడ్చి పెయింటు వేయించాలి.

పటమట_అద్దె
ఆ పెయింటు డబ్బులు ఎవరివండీ?