దిగుడులో ఊడిపోతున్న సైకిల్ ట్యూబు ప్యాచీలు

ఉత్తర ఆరిజోనాలో 89ఏ రహదారి మీద సామానుతో సైకిల్ యాత్ర చేస్తున్నాను. మార్బుల్ కాన్యన్ దగ్గర నవాజో వంతెన సముద్రమట్టానికి సుమారు 3,500 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి నుంచి ఎడారి లోయ దాటి, పాండెరోసా పైన్ అడవిలో సుమారు 7,900 అడుగులనున్న జేకబ్ లేక్ అనే చిన్న ఊరికి ఎక్కి, అదే దారిన దిగాలి.

ఎడారి అంచుల్లో పల్లేరు ముళ్ల బెడద ఎక్కువ. వేసిన ప్యాచీ ఎండలోనూ ఎక్కుడులోనూ బాగా నిలుస్తుంది. దిగేటప్పుడే, అదీ వెనక చక్రంలోనే ఊడుతోంది. బ్రేకు పడుతూ దిగిన పది నిమిషాలకు గాలి తగ్గడం మొదలవుతుంది. ట్యూబు తీసి చూస్తే ప్యాచీ అంచు లేచి, జిగురు వేలికి సాగుతూ అంటుకుంటోంది. రిమ్ము చేయి పెట్టలేనంత వేడిగా ఉంటోంది.

నా సైకిల్‌కు రిమ్మునే ఒరుసుకుని ఆపే రిమ్ము బ్రేకులు, 38 మిల్లీమీటర్ల టైరు, 60 పీఎస్ఐ గాలి, బ్యూటైల్ (కృత్రిమ రబ్బరు) ట్యూబు, సుమారు 22 కిలోల సామాను.

గరుకు కాగితంతో బాగా రుద్ది, జిగురు పూర్తిగా ఆరాకే ప్యాచీ అంటించాను. స్టిక్కరు ప్యాచీలు మానేసి జిగురువే వాడాను. రిమ్ము టేపు మార్చాను, కొంత బరువు ముందుకు జరిపాను, రెండు బ్రేకులూ మార్చి మార్చి పట్టాను. మధ్యలో ఆగి రిమ్ము చల్లార్చితే ప్యాచీ ఊడటం కాస్త ఆలస్యమవుతోంది, అంతే. ప్యాచీ లేని కొత్త ట్యూబుకు మాత్రం ఏమీ కావడం లేదు. కానీ దారిలో సైకిల్ దుకాణం లేదు, ప్రతి ముల్లుకూ కొత్త ట్యూబు మోయలేను.

బరువైన సైకిల్‌తో పొడవైన దిగుడుల్లో రిమ్ము వేడిని తట్టుకున్న ప్యాచీ గానీ, అంటించే పద్ధతి గానీ మీకు ఏది పనిచేసింది?